పారిపోయిన రాణి, మూడు ప్రశ్నల ఫారం

శత్రువు సైన్యం ఊళ్లోకి వచ్చేస్తే పాలకులు జనంతోనే ఉండాలా, దేశం దాటిపోవాలా? ఉండిపోవడమే ధైర్యం అనుకుంటాం. లక్సెంబర్గ్ కథ విన్నాక నాకు ఆ నమ్మకం పోయింది.

జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం మధ్య ఇరుక్కున్న బుల్లి దేశం అది. అప్పటి జనాభా మూడు లక్షల లోపే. 1914లో జర్మన్లు వచ్చినప్పుడు గ్రాండ్ డచెస్ మరీ అడలైడ్ అక్కడే ఉండిపోయింది. జర్మన్ చక్రవర్తి కైజర్ వస్తే మర్యాదగా కలిసింది కూడా. యుద్ధం అయ్యాక ఆవిడ మీద శత్రువు మనిషి అనే ముద్ర పడింది. 1919 జనవరిలో గద్దె దిగింది, 29 ఏళ్లకే చనిపోయింది. ఆ గద్దె ఎక్కింది సొంత చెల్లెలు షార్లెట్.

అక్కకి జరిగిందంతా దగ్గరుండి చూసిన మనిషి కదా! 1940 మే 10న హిట్లర్ సైన్యం వచ్చిన రోజే షార్లెట్, మంత్రులు సరిహద్దు దాటేశారు. ఫ్రాన్స్, పోర్చుగల్, చివరికి కొందరు లండన్‌లో, కొందరు కెనడాలోని మాంట్రియల్‌లో. మమ్మల్ని వదిలేసి పోయారన్న కోపం ఇంటి దగ్గర ఉండింది. ఆవిడ తిరిగొస్తే బాగుండునని అక్కడి నాయకులు కూడా అన్నారు. వెళ్లలేదు. బీబీసీలో లక్సెంబర్గిష్ భాషలోనే జనంతో మాట్లాడింది. మెయిన్ సర్వర్ శత్రువు చేతిలో ఉన్నా బ్యాకప్ లండన్‌లో రన్ అవుతోందన్నమాట.

ఇక ఫారం సంగతి. 1941 అక్టోబరులో నాజీ పాలకుడు గుస్తావ్ సైమన్ జనాభా లెక్కలు పెట్టాడు. జాతీయత, మాతృభాష, జాతి ఏంటని ప్రశ్నలు. లక్సెంబర్గిష్ అనేది భాష కాదు, యాస మాత్రమే, అలా రాయొద్దని ఫారంలోనే సూచన! (మీ యాస అసలు భాషే కాదని ఎవరైనా అంటే మనకెంత మండుతుందో ఆలోచించండి.) రహస్య సంఘాలు కరపత్రాలు పంచాయి. మూడింటికీ ఒకటే జవాబు రాయమన్నాయి: లక్సెంబర్గిష్. ముందే అందిన ఫారాలు చూసి సైమన్ లెక్కలే రద్దు చేసేశాడు.

1867 నుంచి తటస్థంగా ఉన్న ఈ దేశం తరఫున 1942 జనవరి 1న ఐక్యరాజ్యసమితి ప్రకటన మీద సంతకం పడింది. సంతకం చేసిన 26 దేశాల్లో ఒకటి. సైన్యం లేదు, చేతిలో అడుగు నేల లేదు, సంతకం మాత్రం చెల్లింది.

కానీ బిల్లు కట్టింది ఇంట్లో ఉన్నవాళ్లే. అదే ఏడాది ఆగస్టు 30న కుర్రాళ్లంతా జర్మన్ సైన్యంలో చేరాలని ఆర్డర్ వచ్చింది. మర్నాడు విల్ట్జ్ పట్టణంలో సమ్మె మొదలై దేశమంతా పాకింది. నాజీలు 21 మందిని చంపారు. వాళ్లలో ఒకడు ఉక్కు ఫ్యాక్టరీలో సైరన్ మోగించిన కార్మికుడు. పుట్టుకతో జర్మనే. అతని తల నరికారు.

షార్లెట్ 1945 ఏప్రిల్ 14న తిరిగొచ్చింది. వీధుల నిండా జనం.