కారు టైరు కొనేముందు చదవవలసిన అంకెలు

అంబత్తూరులో ఒకప్పుడు డన్‌లప్ టైర్ల కర్మాగారం ఉండేది. అది మూతపడింది. నగరి, సత్యవేడు ప్రాంతాల నుండి అటువైపు వెళ్లి టైర్లు కొనే కుటుంబాలు ధర అడగడానికి ముందు టైరు ప్రక్కభాగంపై ఉన్న అంకెలను చదవడం మేలు.

165/80 ఆర్14 85టి అని ఉన్నదనుకొందాం. 165 వెడల్పు, మిల్లీమీటర్లలో. ప్రక్క ఎత్తు అందులో 80 శాతం. ఆర్ అంటే రేడియల్. 14 రిమ్ము వ్యాసం, అంగుళాలలో. ఇంతవరకు దుకాణదారుడే చూస్తాడు. మనవారు విస్మరించేది 85ను. ఆ అంకె గల టైరు ఒక్కొక్కటి 515 కిలోలు మోయగలదు. 82 అయితే 475 కిలోలే. నాలుగు చక్రాలకు కలిపి 160 కిలోల తేడా! ఇంటిల్లిపాదీ సామానుతో తిరుమలకు బయలుదేరే బండికి ఇది స్వల్పం కాదు. కారు తయారీదారు సూచించిన అంకెకు తక్కువైనది చౌకగా దొరికినా తీసుకొనరాదు. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగపరిమితి. మన రోడ్లపై అంతకు మించి ఎవరికి కావాలి?

కొన్నిటిపై మరి మూడు శ్రేణులుంటాయి. తడిరోడ్డు పట్టుకు ఏఏ, వేడిని తట్టుకొనుటకు ఏ ఉత్తమం. రెండింటిలోనూ సి అధమం. అరుగుదల అంకెను తయారీదారే నిర్ణయిస్తాడు గనుక వేర్వేరు కంపెనీలను పోల్చడానికి అది అంతగా పనికిరాదు.

చివరగా తయారీ తేదీ: 1024 అంటే 2024లో 10వ వారం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే పాత టైరును మార్చవలసిందే.