కొన్న పెట్టె మనది, తాళం ఎవరిది?

వీడియో గేముల చరిత్ర మనకెందుకులే అనుకోకండి. ఇంట్లో హైస్కూలు దాటుతున్న పిల్లాడు ఉంటే చాలు, "అమ్మా, మన కన్సోల్ హ్యాక్ చేయిస్తే గేములన్నీ ఫ్రీ" అన్న మాట ఏదో ఒక రోజు వంటింటి గుమ్మం దాకా వస్తుంది. కొత్త గేము ఒక్కోటి నాలుగైదు వేలు పలుకుతున్న రోజుల్లో ఆ మాట వినగానే కొట్టిపారేయడం కూడా కష్టమే. మా ఇంట్లోనూ వచ్చింది. సరే అనడానికో వద్దనడానికో ముందు, అసలు ఈ తాళం ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, సర్క్యూట్లు నాకు రావు. కానీ కథ ఎక్కడ మొదలైందో వెతకడం వచ్చు.

1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. ఎవరు పడితే వాళ్ళు నాసిరకం గేములు చేసి అమ్మేసరికి జనానికి మొహం మొత్తింది. రెండేళ్ళకి నింటెండో అక్కడ అడుగుపెట్టినప్పుడు ఆ భయంతోనే పెట్టెలో ఒక చిప్పు, గేము క్యాసెట్‌లో దానికి జోడీ చిప్పు పెట్టింది. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే ఆట మొదలవుతుంది. లేకపోతే పెట్టె ఆగి ఆగి మళ్ళీ మళ్ళీ మొదలవుతూ ఉంటుంది. తమ అనుమతి లేకుండా ఎవరూ గేము అమ్మకూడదని వేసిన తాళం అది. జపాన్‌లో అంతకుముందే అమ్మిన పెట్టెకి, అంటే ఫ్యామికామ్‌కి, ఈ తాళం లేదు. అందుకే దానికి నకళ్ళు కుప్పలు తెప్పలుగా పుట్టుకొచ్చాయి. తొంభైల్లో మన ఇళ్ళలో టీవీకి తగిలించుకుని మారియో, కాంట్రా ఆడిన పెట్టెలు చాలావరకు ఆ నకళ్ళే. క్యాసెట్ మీద వేల గేములని రాసి ఉండేది, లోపల చూస్తే ఓ ఇరవై గేములే తిరిగి తిరిగి వచ్చేవి. మా తమ్ముడు, నేను వేసవి సెలవులన్నీ దానికే ధారపోశాం. అది నకలని మాకు తెలియదు, కొనిచ్చిన నాన్నకీ తెలియదు.

1994లో సోనీ ప్లేస్టేషన్ వచ్చాక కథ సీడీల్లోకి మారింది. అసలు డిస్కు లోపలి అంచున గీతల్లో ఒక చిన్న వంకర పెట్టారు. ఇంట్లో సీడీ రైటర్‌తో కాపీ తీస్తే ఆ వంకర రాదు. పెట్టె దాన్ని వెతుకుతుంది, కనిపించకపోతే ఆడదు. దానికి విరుగుడుగా బజారులోకి వచ్చిందే మాడ్‌చిప్. పెట్టె విప్పి, బోర్డు మీద సన్నని తీగలతో టంకం వేసి అతికిస్తే, "వంకర ఉంది" అని అదే పెట్టెకి చెబుతుంది. దొంగ సీడీలు ఆడించడానికే దీన్ని వాడినవాళ్ళు ఎక్కువ, ఆ మాట దాచాల్సిన పనిలేదు. అయితే ఆ తాళానికి ఇంకో ముఖం ఉంది. ఒక దేశంలో న్యాయంగా డబ్బిచ్చి కొన్న డిస్కు ఇంకో దేశపు పెట్టెలో ఆడకుండా ఆపేది కూడా అదే. ఆస్ట్రేలియాలో మాడ్‌చిప్‌లు అమ్మిన స్టీవెన్స్ అనే ఆయన మీద సోనీ వేసిన దావా అక్కడి హైకోర్టు దాకా, అంటే వాళ్ళ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2005లో ఆయనే గెలిచాడు. ఈ తాళం కాపీ తీయడాన్ని ఆపడం లేదు, తీసిన కాపీని ఆడనివ్వకుండా మాత్రమే ఆపుతోంది, కాబట్టి చట్టం చెప్పిన రక్షణ దీనికి వర్తించదు అన్నారు జడ్జీలు. మరుసటి ఏడాదే అక్కడ చట్టాన్ని మార్చేశారు!

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది ప్లేస్టేషన్ 3 కథ. 2006లో వచ్చిన ఈ పెట్టెలో లినక్స్ వేసుకుని మామూలు కంప్యూటర్‌లా వాడుకునే వీలు కంపెనీయే ఇచ్చింది. చవగ్గా దొరికే బలమైన కంప్యూటర్ కదా అని అమెరికా వైమానిక దళం పరిశోధనశాల 1,760 పెట్టెలు కలిపి ఒక సూపర్ కంప్యూటరే కట్టుకుంది. 2010 జనవరిలో జార్జ్ హోట్జ్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు (పదిహేడేళ్ళకే ఐఫోన్ తాళం తీసినవాడు) ఈ పెట్టె లోపలికి దారి దొరికిందని ప్రకటించాడు. ఏప్రిల్ 1న సోనీ ఒక అప్‌డేట్ వదిలింది. అది వేసుకుంటే లినక్స్ పోతుంది. వేసుకోకపోతే ఆన్‌లైన్ ఆటలు, కొత్త గేములు పోతాయి. ఇల్లు అమ్మినాయన నాలుగేళ్ళ తర్వాత వచ్చి, "పెరట్లోకి వెళ్ళే తలుపు మూసేస్తాను, ఒప్పుకోకపోతే వీధి తలుపు మూసేస్తాను" అన్నట్టు లేదూ?

అప్పటిదాకా లినక్స్‌తో తృప్తిపడి ఊరుకున్న నిపుణులకి చిర్రెత్తింది. ఆ డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన సమావేశంలో ఫెయిల్ ఓవర్‌ఫ్లో అనే బృందం అసలు గుట్టు విప్పింది. కంపెనీ తన ప్రోగ్రాముల మీద వేసే డిజిటల్ సంతకానికి ప్రతిసారీ కొత్త అంకె ఒకటి వాడాలి. సోనీ మాత్రం ప్రతిసారీ ఒకే అంకె వాడింది. మన బ్యాంకువాళ్ళు అందరికీ, ఎప్పుడూ ఒకే ఓటీపీ పంపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి లెక్క కడితే రహస్యపు తాళంచెవి బయటపడుతుంది. 2011 జనవరిలో హోట్జ్ ఆ పెట్టె మూలతాళపు చెవిని నలుగురి ముందూ పెట్టేశాడు. సోనీ కోర్టుకెక్కింది. మార్చి ఆఖరుకి రాజీ అయింది, ఇక సోనీ వస్తువుల జోలికి రానని అతను ఒప్పుకున్నాడు.

అంతటితో అయిపోలేదు. ఏప్రిల్‌లో ఎవరో సోనీ నెట్‌వర్కులోకే చొరబడ్డారు. ఇందులో హోట్జ్ చెయ్యి ఉందని ఎవరూ నిరూపించలేదు. దాదాపు 7 కోట్ల 70 లక్షల ఖాతాల పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు బయటివాళ్ళ చేతుల్లో పడ్డాయి. మూడు వారాలకు పైగా ఆన్‌లైన్ ఆటలు మూతపడ్డాయి. ఖాతాదారుల వివరాలు సరిగ్గా కాపాడలేదని బ్రిటన్‌లో ఆ సంస్థకి 2013లో రెండున్నర లక్షల పౌండ్ల జరిమానా పడింది. ఇక్కడ నాకు నచ్చనిది ఒకటుంది. ఏ హ్యాకింగూ ఎరగకుండా బుద్ధిగా డబ్బు కట్టి ఆడుకున్న కుటుంబాలే ఇందులో ఎక్కువ నష్టపోయాయి. తాళం బద్దలుకొట్టడం ప్రమాదమే, సరే. తాళం వేసినవాణ్ణి గుడ్డిగా నమ్మడంలోనూ ప్రమాదం ఉందని పిల్లలకి ఎవరు చెబుతారు? లినక్స్ తీసేసినందుకు కొన్నవాళ్ళు అమెరికాలో వేసిన దావా 2018లో 37 లక్షల 50 వేల డాలర్ల దగ్గర తేలింది. ఎనిమిదేళ్ళు పట్టింది.

నింటెండో స్విచ్ కథ చూస్తే మాత్రం వెన్నులో చలి పుడుతుంది. 2018లో దాని చిప్పులో ఒక లోపం దొరికింది. అప్పటికే అమ్మిన పెట్టెల్లో ఏ అప్‌డేటూ సరిచేయలేని లోపం. కాగితాలకి పెట్టే క్లిప్పు ముక్కతో రెండు పిన్నులు కలిపితే దారి మొదలవుతుంది. ఆసక్తి ఉన్నవాళ్ళు ఇంట్లో చేసుకుంటే ఒక ఎత్తు. టీమ్ ఎగ్జిక్యూటర్ అనే ముఠా దీన్ని వ్యాపారం చేసింది. అందులో గ్యారీ బౌజర్ అనే కెనడా ఆయన్ని 2020లో పట్టుకున్నారు. (మారియో ఆటలో విలన్ పేరు కూడా బౌజరే, ఇది నేను కల్పించింది కాదు.) 2022లో 40 నెలల జైలు పడింది. కట్టాల్సిన సొమ్ము మొత్తం కోటీ 45 లక్షల డాలర్లు. కాస్త ముందుగానే విడుదలైనా, సంపాదించినదాంట్లో కొంత భాగం నింటెండోకి కడుతూనే ఉండాలి.

ఇదంతా మా వాడికి చెబితే, "నేనేం అమ్మట్లేదు కదమ్మా, ఆడుకుంటానంతే" అన్నాడు. న్యాయమైన మాటే. మన చట్టం కూడా ఉద్దేశాన్నే చూస్తుంది. 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా ఉంటాయి. ఉచితంగా గేములు దించుకోవడానికి తీస్తే ఆ ఉద్దేశం ఉన్నట్టే కదరా అన్నాను. పోలీసులు మన గుమ్మంలోకి రాకపోవచ్చు. కంపెనీ మాత్రం ఆ పెట్టెని ఆన్‌లైన్ నుంచి వెలేస్తుంది. 2009లో మైక్రోసాఫ్ట్ మార్పులు చేసిన ఎక్స్‌బాక్స్ 360లని లక్షల్లో అలాగే వెలేసింది. టంకం తప్పితేనో, ఫైలు సగంలో ఆగితేనో పెట్టె ఇటుకరాయి. వారంటీ అడగడానికి మొహం ఉండదు. ముక్కూ మొహం తెలియనివాడి ప్రోగ్రాముని ఇంటి వైఫైలోకి రానివ్వడం ఇంకో సంగతి. ముప్ఫై నలభై వేల వస్తువు మీద ఇన్ని పణాలు పెట్టి నాలుగు గేముల డబ్బు మిగుల్చుకోవడం నా లెక్కలో గిట్టుబాటు కాదు. వాడు మొహం ముడుచుకున్నాడు. వాడిన గేములు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోమని నెలకింత అని ఒప్పుకున్నాం.

అయితే పాత పెట్టెల విషయంలో నా మనసు వేరుగా ఉంది. నింటెండో 3డీఎస్, వీ యూ పెట్టెల ఆన్‌లైన్ కొట్టుని 2023 మార్చి 27న మూసేసింది. ఇప్పుడు డబ్బు చేత్తో పట్టుకున్నా అక్కడ కొత్తగా ఏదీ కొనలేం. అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇవాళ బజారులో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అదే ఏడాది లెక్క తేల్చింది. తాటాకు గ్రంథాలు ఊరూరా తిరిగి, నకళ్ళు రాయించి దాచినవాళ్ళ వల్లే మన పాత కావ్యాలు మిగిలాయని చదువుకున్నదాన్ని. కంపెనీ వదిలేసిన పెట్టెని, సొంతంగా కొన్న గేములు పోకుండా దాచుకోవడానికి విప్పేవాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాదు.

మీ ఇంట్లో ఆ మాట వస్తే, ఆ పెట్టె ఇంకా కంపెనీ చూసుకుంటున్నదా, వదిలేసినదా, పోయినా ఫరవాలేనిదా అని అడిగి చూడండి. ఏ జవాబు వచ్చినా, దాని ఖాతాలో మీ వారి క్రెడిట్ కార్డు నంబరు ఉందేమో ముందు చూసి తీసేయించండి.