ఎర్రబడింది, అంటుకోలేదు

డాలస్‌లో శనివారం మధ్యాహ్నం. మీరు ఓవెన్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. పైన బర్నర్లన్నీ టకటకమంటూ అంటుకుంటున్నాయి, అంటే ఇంటికి గ్యాస్ వస్తోంది. కింద ఓవెన్ మాత్రం వేడెక్కడం లేదు.

వెనకాల అత్తయ్యగారు నాన్‌ఖటాయి ట్రే పట్టుకుని నిలబడ్డారు. “అగ్గిపుల్ల గీసి పెట్టకూడదూ బాబూ?”

“లాభం లేదండీ. ముందు ఓవెన్‌లోకి గ్యాసే రావట్లేదు.”

లోపల అడుగు రేకుకి వెనక రెండు స్క్రూలు. విప్పి రేకు పైకి తీస్తే పొడుగాటి బర్నర్ గొట్టం, దాని పక్కన వేలెడు వెడల్పున బూడిదరంగు పలక. అదే ఇగ్నైటర్. ఓవెన్ 350కి పెట్టి చూస్తున్నారు. ముందు మసక ఎరుపు, తర్వాత నారింజ. అర నిమిషం అయింది. నిమిషం అయింది. నిమిషంన్నర దాటినా అదే నారింజ. మంట లేదు, వాసనా లేదు.

వాసన వచ్చి ఉంటే ఇక్కడితో ఆపేయాలి. ఏ స్విచ్చీ ముట్టుకోకుండా అందర్నీ బయటికి తీసుకెళ్లి, అక్కణ్ణుంచే ఫోన్ చేయాలి. అసలు ఆ వాసన గ్యాస్‌ది కాదు, కలిపింది. 1937లో ఇదే టెక్సాస్‌లో, న్యూ లండన్ బడి కింద వాసన లేని గ్యాస్ పోగై పేలింది. దాదాపు 300 మంది పోయారు. అప్పుడుగానీ వాసన కలపాలనే చట్టం రాలేదిక్కడ.

కింది సొరుగు లాగేసి, ఇగ్నైటర్‌కి వెళ్లే ఒక్క తీగ చుట్టూ క్లాంప్ మీటర్ పట్టించారు. 2.7 ఆంపియర్లు. దొంగ దొరికాడు.

ఇగ్నైటర్, గ్యాస్ వాల్వ్ ఒకే కరెంటు మీద, ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటాయి. వాల్వ్ లోపలి లోహపు పట్టీ ఆ కరెంటు వేడికి వంగితేనే గ్యాస్‌కి దారి తెరుచుకుంటుంది. ఈ పలక రకానికి 3.2 నుంచి 3.6 దాకా కావాలి. సిలికాన్ కార్బైడ్ పాతబడేకొద్దీ నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుంది. ఎర్రబడటానికి అది చాలు, వాల్వ్ తెరవడానికి చాలదు. ఇది తెలియక వాల్వే పోయిందని కొత్తది కొని డబ్బు తగలేసేవాళ్లూ ఉంటారు.

ప్లగ్ పీకారు. వెనక గ్యాస్ కట్టారు. ఇగ్నైటర్ స్క్రూల్లో ఒకటి వెంటనే వచ్చింది, రెండోది తుప్పు పట్టి చెమటలు పట్టించింది. కొత్తదాన్ని పింగాణీ పిడి దగ్గరే పట్టుకున్నారు, ఆ బూడిదరంగు భాగానికి వేలి జిడ్డు అంటకూడదు. తగిలితే అప్పడంలా పుటుక్కుమంటుంది కూడా. తీగలు కలిపిన చోట దాంతోపాటు వచ్చిన పింగాణీ టోపీలే బిగించారు. ప్లాస్టిక్‌వి ఆ వేడికి కరిగిపోతాయి.

గ్యాస్ తిప్పి, ప్లగ్ పెట్టి, మళ్లీ 350. ఎరుపు, నారింజ, ఈసారి ఇంకాస్త తెలుపు. మీటర్ 3.4 చూపించింది. నిమిషం లోపే భుస్సుమని గొట్టం పొడుగునా నీలిమంట పరిగెత్తింది.

“ఇందాకా ఎర్రగానే ఉందిగా!” అన్నారు అత్తయ్యగారు, ట్రే ముందుకు చాస్తూ.

“ఉందండీ, కరెంటే చాల్లేదు. ట్రే అప్పుడే కాదు. ఆపి, చల్లారాక అడుగు రేకు బిగించాలి.”