కారు సర్వీసింగ్ బయట చేయిస్తే వారంటీ పోతుందా? బిల్లు తగ్గించుకోవడం ఎలా?

కారును సర్వీసింగ్‌కు ఇచ్చి ఇంటికొచ్చిన గంటకే ఫోన్ మోగుతుంది. ‘సార్, ఇంజిన్ ఫ్లషింగ్ చేయాలి, ఇంజెక్టర్లు క్లీన్ చేయాలి, ఏసీ ట్రీట్‌మెంట్ కూడా ఉంది.. చేసేయమంటారా?’ అని అడుగుతారు. ఏమిటో అర్థం కాకపోయినా ‘సరే’ అనేస్తాం. సాయంత్రానికి బిల్లు తడిసి మోపెడవుతుంది. ఇందులో ఏది తప్పనిసరి? ఏది వద్దనొచ్చు? తెలుసుకుందాం.

మాన్యువలే కొలమానం

కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో సర్వీసింగ్ పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చాలో, ఏది చూస్తే సరిపోతుందో అందులోనే రాసి ఉంటుంది. ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి ఇంజిన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. పాత అలవాటు కొద్దీ 5,000కే మార్చేస్తే ఆ ఖర్చు వృథా. అలాగని గడువు దాటించకండి. దుమ్ము దారులు, కొండ దారులు, తరచూ చిన్నచిన్న దూరాలు తిరిగే కార్లకు కొన్ని కంపెనీలు వేరే పట్టిక ఇస్తాయి. మీది అలాంటి వాడకమైతే దాన్నే పాటించండి.

వద్దనదగ్గవి

ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్, ఇంటీరియర్ క్లీనింగ్, టెఫ్లాన్ కోటింగ్ వంటివి మాన్యువల్ పట్టికలో సాధారణంగా ఉండవు. కారులో ఇబ్బందేమీ లేనప్పుడు ఇవి వద్దని చెప్పొచ్చు. కారు ఇచ్చేటప్పుడే జాబ్ కార్డుపై అంచనా ఖర్చు రాయించుకోండి. ‘నన్ను అడగకుండా అదనపు పనులు చేయొద్దు’ అని కూడా రాయించండి. మార్చిన పాత భాగాలను చూపించమనండి.

‘ఫ్రీ సర్వీస్’ అంటే సాధారణంగా లేబర్ చార్జీ మాత్రమే ఉచితం. ఆయిల్, ఫిల్టర్ల డబ్బు మీరే కట్టాలి. బిల్లులో జీఎస్టీ కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహనాల విడిభాగాలన్నింటిపై 18 శాతమే. అంతకుముందు చాలా భాగాలపై ఇది 28 శాతం ఉండేది.

ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, వైపర్ బ్లేడ్లు చాలా కార్లలో ఇంట్లోనే మార్చుకోవచ్చు. మోడల్, తయారీ సంవత్సరం చెబితే విడిభాగాల దుకాణంలో సరిపోయేవి ఇస్తారు.

బయట చేయిస్తే వారంటీ పోతుందా?

ఆటోనగర్‌లో షెడ్డుకు తీసుకెళ్తే లేబర్ తక్కువే. ‘కానీ వారంటీ పోతుందేమో’ అన్నదే భయం. దీనిపై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై ఉత్తర్వు ఇచ్చింది. విడిభాగాలు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేస్తున్నారంటూ సుమారు రూ.2,545 కోట్ల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టకూడదని చెప్పింది. బయట చేసిన పని సరిగా లేక నష్టం జరిగితే, ఆ మేరకే వారంటీని నిరాకరించవచ్చని పేర్కొంది. కంపెనీలు దీనిపై అప్పీళ్లకు వెళ్లాయి.

కాబట్టి జాగ్రత్తగా ఉండటం మంచిది. ముందు మీ వారంటీ పుస్తకంలో షరతులు చదవండి. వారంటీ ఉన్నంతకాలం ఫ్రీ సర్వీసులు కంపెనీ దగ్గరే చేయించండి. బయట చేయిస్తే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిల్, అసలైన విడిభాగాలే వాడించండి. తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడ్ ఉన్న జీఎస్టీ బిల్లు తీసుకుని దాచుకోండి. ఎవరైనా వారంటీ నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో కంపెనీలు ఇచ్చిన వారంటీ, విడిభాగాల సమాచారం చూడొచ్చు.

బ్రేకుల దగ్గర పిసినారితనం వద్దు

తిరుమల ఘాట్ రోడ్డులో తిరిగే వారు బ్రేకుల విషయంలో మాత్రం రాజీ పడకూడదు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొండ దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే వేడికి అది మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. బ్రేకు సరిగా పట్టదు. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి దీన్ని మార్చమంటాయి. దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు. రెండో, మూడో గేరులో దిగితే ఇంజినే వేగాన్ని అదుపు చేస్తుంది, బ్రేక్ ప్యాడ్లూ ఎక్కువ కాలం వస్తాయి.

ఎక్కువ వసూలు చేస్తే?

ముందు సర్వీస్ సెంటర్ మేనేజర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. స్పందన లేకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ‘ఈ-జాగృతి’ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ కేసు వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

మనవాళ్లలో చాలామంది చెన్నై, బెంగళూరు, వేలూరులో కారు సర్వీసింగ్ చేయిస్తుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. అంటే బిల్లు చెన్నైదైనా, చిత్తూరు వాసి చిత్తూరులోనే ఫిర్యాదు చేయొచ్చు. అందుకు కావాల్సింది జాబ్ కార్డు, బిల్లు, మీరు పంపిన ఫిర్యాదు కాపీ. ఈసారి కారు తీసుకునేటప్పుడే వాటిని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.