కరెంటు కరువైన చోట కచేరీ

యాంగోన్ నగరానికి తూర్పున, పజున్‌డౌంగ్ వాగు అవతల ఉంది తాకేటా. నే విన్ ఆపద్ధర్మ ప్రభుత్వం 1959 ప్రాంతంలో వేసిన కొత్త పేటల్లో అదొకటి. మనవాళ్ళకు బర్మా అంతకన్నా పాతది. 1931 జనాభా లెక్కల నాటికే అక్కడ తెలుగువారు లక్షన్నరకు పైగా ఉండేవారు. కోరంగి రేవు పేరు మీదే వారిని 'కోరంగీలు' అనేవారు. 1942 యుద్ధంలో కొందరు, 1962 సైనిక పాలన వచ్చాక మరికొందరు తిరిగి వచ్చేశారు. ఉండిపోయినవారూ ఉన్నారు.

తాకేటాలో ఉంటున్న ఒక తెలుగు మిత్రుడు, త్యాగరాజ కృతులు ఇంట్లో వినడానికి ఏ స్పీకర్లు కొనాలని అడిగాడు. 2021 తర్వాత యాంగోన్‌లో గంటల తరబడి కరెంటు కోతలు మామూలైపోయాయి. వినేది చాలాసార్లు బ్యాటరీ మీదే. కొత్త కేటలాగుల కన్నా స్పీకర్ల చరిత్రే ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్ వివరించిన మూవింగ్ కాయిల్ స్పీకరే నేటికీ మన ఇళ్ళలో ఉన్నదానికి మూలం. అప్పటి వాల్వు ఆంప్లిఫయర్లు ఇచ్చేది కొద్ది వాట్లే. అందుకని ఉన్న కాస్త పవర్‌నీ ఎక్కువ శబ్దంగా మార్చడమే డిజైనర్ల తాపత్రయం. 1946లో పాల్ క్లిప్ష్ గది మూల గోడలనే బాకాలో భాగం చేసుకున్నాడు!

1954లో ఎడ్గర్ విల్చర్ లెక్క తిరగేశాడు. మూసేసిన చిన్న పెట్టె, లోపలి గాలే స్ప్రింగు, లోతైన బేస్. బదులుగా పవర్ ఎక్కువ తాగుతుంది. ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకయ్యాయి కనుక లోకం ఆ బేరానికి ఒప్పుకుంది. 1970లలో బీబీసీ తన వ్యాన్ల కోసం చేసిన ఎల్ఎస్3/5ఎ గొంతును ఎంతో సహజంగా వినిపిస్తుంది. కానీ ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో అది ఇచ్చేది సుమారు 83 డెసిబెళ్ళే. ప్రతి 3 డెసిబెళ్ళకూ పవర్ రెట్టింపు కావాలి. అంటే 92 డెసిబెళ్ళ స్పీకరు 5 వాట్లతో చేసే పని దీనికి 40 వాట్లు. మృదంగం దెబ్బ పడిన క్షణంలో సగటుకు పది రెట్లు పవర్ అడుగుతుంది. పాపం, బ్యాటరీ ఏం చేస్తుంది?

పాశ్చాత్యుల పైప్ ఆర్గాన్‌కు 16 హెర్ట్జ్ దాకా దిగాలి. మన కచేరీకి ఆ బాధ లేదు. మగ గొంతుకు శ్రుతి చేసిన తంబూరా మంద్ర తీగ 65 హెర్ట్జ్ దగ్గర ఉన్నా, దాని జీవమంతా పై అనుస్వరాల్లోనే. కాబట్టి విల్చర్ బేరంలో మనకొచ్చే లాభం తక్కువ, నష్టం ఎక్కువ. తాకేటా ఇంటికి 1954కు ముందటి లెక్కే సరి: 90 డెసిబెళ్ళకు తగ్గని, 8 ఓముల స్పీకర్లు, 12 వోల్టుల మీద నడిచే చిన్న క్లాస్-డి ఆంప్లిఫయర్.

అయితే శబ్దం ఎక్కువిచ్చేవన్నీ మంచివి కావు. కొన్ని బాకా స్పీకర్లు పై స్థాయిలో గీరతాయి. కొనేముందు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత 78 ఆర్పీఎం రికార్డు ఏదైనా పెట్టి వినండి. గీరే స్పీకరులో రికార్డు గరగర ముందుకొచ్చి, ఫిడేలు వెనక్కి పోతుంది. తర్వాత తంబూరా ఒక్కటే పెట్టి, గదిలో మాట్లాడుకునేంత చిన్న శబ్దంలో ఐదు నిమిషాలు వినండి. నాలుగు తీగలూ విడివిడిగా తెలియాలి.