పంటి పాచి - పెరుగు తోడు

1683వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన హాలెండు దేశమందలి డెల్ఫ్ట్ నగరమునుండి ఒక బట్టల వర్తకుడు లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. ఆయన పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. తాను ప్రతి ఉదయమును ఉప్పుతో పండ్లు తోముకొందుననియు, అయినను వాని సందులలో తడిపిన పిండివంటి తెల్లని పదార్థము మిగిలియుండుననియు అందు తెలిపెను. దానిని వాననీటిలో కలిపి, తాను స్వయముగా చేసికొన్న కటకముతో చూడగా, కంటికానని ప్రాణులు చురుకుగా సంచరించుచు కానవచ్చెను. మనము పాచి యని తోమి ఉమియునది ఒక జీవరాశి యని లోకమునకు తెలిపిన లేఖ యది.

ఆయన అంతటితో విడువలేదు. ఘాటైన వినిగరుతో నోరు పుక్కిలించి మరల పరీక్షించెను. పాచిలోని ప్రాణులు బ్రతికియే యుండెను. అదే వినిగరును నేరుగా వానితో కలుపగా చచ్చెను. పైపైని పోసిన ద్రవము పాచి లోపలికి చొరలేదన్న మాట. ఈ చిన్న పరీక్షను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను.

వంకరపండ్లను దిద్దు విద్యయు పాతదే. పారిస్ నగరమున పియర్ ఫోషార్ 1728లో ప్రకటించిన దంతవైద్య గ్రంథమున, రంధ్రములుగల లోహపు పట్టీని దారములతో పండ్లకు కట్టు పద్ధతిని వర్ణించెను. 20వ శతాబ్దమున అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ ఆ విద్యకు శాస్త్రరూపము నిచ్చెను. నేడు మన బిడ్డలు ధరించు క్లిప్పులు ఆ పరంపరలోనివే. అయితే పంటి కంటించిన ప్రతి బిళ్ళయు, దానిమీది తీగెయు పాచికి చాటు కల్పించును. కుంచె అచ్చటికి సులభముగా పోదు. చిగుళ్ళు ఎఱ్ఱవారి, ఉబ్బి, తాకినంతనే నెత్తురు కారును.

ఈ వాపునకు పాచియే కారణమని రుజువైనది 1965లో. డెన్మార్కునందలి ఆర్హస్ పట్టణమున హెరాల్డ్ లోయె, ఆయన సహచరులు, ఆరోగ్యవంతులగు 12 మందిచేత పండ్లు తోముట మాన్పించిరి. 10 మొదలు 21 దినములలో అందరి చిగుళ్ళును వాచెను. మరల తోముట మొదలిడగా వాపు తీసెను.

ఇక సూక్ష్మజీవులలో మిత్రులును గలరను భావము ఇల్యా మెచ్నికాఫ్ ప్రచారము చేసినది. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఈ రష్యన్ శాస్త్రజ్ఞుడు, బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయువునకు పులిసిన పాలే కారణమని 1907లో వాదించెను. ఆయనకు 1908లో నోబెల్ బహుమానము లభించినది. కాని అది రోగనిరోధక శక్తిని గూర్చిన కృషికే గాని పెరుగునకు గాదు. తానును పులిసిన పాలు సేవించిన ఆ మహనీయుడు 71వ యేట, 1916లో కాలధర్మము నొందెను.

ఆయన తలంపు నశింపలేదు. మేలుచేయు సజీవ సూక్ష్మజీవులు ప్రోబయాటిక్కు లను పేర నేడు బిళ్ళలుగా అమ్ముడగుచున్నవి. లాక్టోబాసిలస్ రూటెరై అను జాతి చిగుళ్ళనుండి కారు నెత్తురును తగ్గించినట్లు 2006లో స్వీడనునందు ఒక పరిశోధన ప్రకటితమైనది. పిమ్మట క్లిప్పులు ధరించినవారిపైనను పరీక్షలు జరిగినవి. కొన్నింట కొంత మేలు కనబడినది. కొన్నింట ఏ భేదమును లేదు. పరీక్షలు చిన్నవి, కాలము స్వల్పము, వాడిన జాతులు వేరువేరు. కావున వీనిని నమ్మదగిన చికిత్స యనుటకు ఆధారము చాలదు. మన యింటి తోడుపెరుగు మంచి ఆహారమే యైనను, అందలి జీవులు పరీక్షింపబడిన ఆ జాతులే యని తలపరాదు.

క్లిప్పులు తీయువరకు తరచు ఒకటి రెండేండ్లు పట్టును. అంతకాలము పిల్లవాడు విసుగుచెందును. బిళ్ళ చప్పరించి తోముట మానవచ్చునని ఆశపడును. అప్పుడు తల్లిదండ్రులు డెల్ఫ్ట్ వర్తకుని వినిగరు కథ చెప్పవలెను. మిత్రులను పిలువవచ్చును గాని, ముందు ఇల్లు ఊడ్వవలెను. పంటికిని తీగెకును నడుమ చిన్న కుంచెతో ఓపికగా తోముటయే నేటికిని రుజువైన మార్గము.