ఎనిమిది అక్షరాల దేవుడు

చైనాలోని షియాన్ నగరంలో బెయిలిన్ మ్యూజియం ఉంది. పేరుకు తగ్గట్టే అదొక శిలాఫలకాల వనం. 837లో చెక్కడం పూర్తయిన కన్ఫ్యూషియన్ గ్రంథాల రాళ్లను, మొత్తం 114 పలకలను, భద్రపరచడానికి 1087లో దానికి పునాది పడింది. అంతటి గంభీరమైన రాళ్ల నడుమ ఒంటికాలి మీద నిలబడిన భూతంలాంటి దేవుడొకడు కనిపిస్తాడు.

ఆయనే క్వే షింగ్, పరీక్షలు రాసేవాళ్ల దేవుడు. మనం సప్తర్షి మండలం అనే నక్షత్రాలను చైనీయులు గరిటె అంటారు. ఆ గరిటె గిన్నెలోని నాలుగు చుక్కలు ఆయనవి.

రాతిపై చెక్కిన ఆయన బొమ్మను దగ్గరగా చూస్తే గీతలు అక్షరాలుగా విడిపోతాయి. మనసు చక్కబెట్టుకో, నడవడి దిద్దుకో, నిన్ను నువ్వు అదుపు చేసుకో, మర్యాద తప్పకు అని బోధించే ఎనిమిది అక్షరాలే దేవుడి ఒళ్లయ్యాయి. నిలబడిన పాదం కింద మహాకూర్మాన్ని సూచించే అక్షరం, వెనక్కి ఎత్తిన కాలి దగ్గర గరిటె అక్షరం, చేతిలో కుంచె. తోంగ్జీ చక్రవర్తి ఏలుబడిలో (1861-75) దీన్ని రూపొందించినవాడు మా దజావ్ అనే సైన్యాధికారి. కత్తి పట్టిన చెయ్యి ఇంత సొగసుగా కుంచె పట్టడం నిజంగా గొప్ప విషయం.

జనం చెప్పుకునే కథలో క్వే షింగ్ మహా పండితుడు, కానీ కురూపి. పరీక్షలో నెగ్గినా ముఖం చూసి చక్రవర్తి కాదన్నాడు. సముద్రంలో దూకినవాణ్ని మహాకూర్మం వీపున మోసి కాపాడింది. రాజసభ వెళ్లగొట్టినవాణ్ని జనం ఆకాశానికెత్తారు. ఆ కథ విలువంతా అక్కడే ఉంది.

అలాంటి దేవుడు పరీక్షలు రాసేవాళ్లకు అవసరమే. మూడేళ్లకోసారి జరిగే ప్రాంతీయ పరీక్షకు ఒక్క నాన్‌జింగ్‌లోనే 20 వేలకు పైగా ఇరుకు గదులుండేవి. అభ్యర్థులు రాత్రుళ్లూ వాటిలోనే గడిపేవారు. నెగ్గేది కొద్దిమందే.

ఆ బొమ్మకు కాగితంపై అచ్చులూ తీస్తారు. రాతి మీద తడి కాగితం పరిచి, గీతల్లోకి దిగేలా బ్రష్‌తో తట్టి, పైన సిరా అద్దితే నల్లటి నేల మీద తెల్లటి దేవుడు తేలతాడు. మన శాసన పరిశోధకులు ఎస్టాంపేజీలు అనే అచ్చులు తీసేదీ దాదాపు ఇలాగే.

1905లో ఆ పరీక్షలు రద్దయ్యాయి. క్వే షింగ్ అచ్చులు మాత్రం షియాన్‌లో నేటికీ అమ్ముతున్నారు. ఎప్పుడైనా ఒకటి చేతికొస్తే ముఖం చూసి పక్కన పెట్టేయకండి, ఆ ఎనిమిది అక్షరాలనూ వెతికి పట్టుకోండి.